అక్కచెల్లెళ్ళ ఆకు

ఓజెల్లా టిడ్వెల్‌కి కోపం వస్తే ముందు గొంతు పెరగదు, నడక పెరుగుతుంది. ఆ మార్చి నెలాఖరు గురువారం పొద్దున చర్చి గేటు దగ్గర్నుంచి శ్మశానం కంచె దాకా ఆవిడ నడిచిన తీరుకి, వెనకాల వస్తున్న చర్చి పెద్ద, డీకన్ లూషస్ గాట్లిన్ అరపరుగు తీయాల్సి వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒక మోకాలు సరిగా వంగదు. పరుగెత్తనీ అనుకుంది ఓజెల్లా. ఆవిడకీ అరవై ఎనిమిది దాటాయి, ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన నడుం ఆవిడది, అయినా ఆగలేదు. ఒక చేతిలో ఇనప బకెట్టు, అందులో తెల్లవారుతూనే తన పెరట్లోంచి మట్టితో సహా పెళ్ళగించి తెచ్చిన డాఫొడిల్ మొక్క ఒకటి.

రెండో చేతిలో కాగితం. అది పోయిన వారం కౌంటీ సభలో పంచిపెట్టింది. కంచె అవతలి వాలు తవ్వి కంకర తీసుకుంటామని వచ్చిన కంపెనీ, ఆ నేల కింద ఎవరైనా ఉన్నారేమో చూసి రమ్మని ఒక సర్వే మనిషిని పెట్టుకుంది. అతను మార్చి మొదట్లో ఒక పూట వచ్చి చూసి ఇలా రాశాడు: "కంచె బయట సమాధులు లేవు. వాలు నిండా ఉన్న డాఫొడిల్ మొక్కలు వాటంతటవే పాకిన అడవి మొక్కలు. మనిషి నాటిన గుర్తులు కనబడలేదు." దాని కింద చర్చి తరఫున, మాకు తెలిసినంతలో ఇది నిజమేనని ఒక సంతకం. ఆ సంతకం లూషస్‌ది.

సభలో ఓజెల్లా లేచి అరిచిన అరుపుకి కౌంటీ పెద్ద కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. చివరికి ఒక్కరోజు గడువిచ్చారు. గురువారం సర్వే మనిషి మళ్ళీ వస్తాడు, సాయంత్రం అయిదింటి దాకా ఉంటాడు, చూపించేదేదో చూపించండి. సమాధి అని తేలిన చోటల్లా జెండా పాతతాడు. జెండాల చుట్టూ గీత గీస్తాడు. గీత అవతల సోమవారం యంత్రాలు దిగుతాయి.

ఆ వాలులో ఎవరున్నారో బెతూయేలు చర్చిలో అరవై దాటిన ప్రతివాళ్ళకీ తెలుసు. కంచె లోపల చోటు దొరకని వాళ్ళున్నారు. బాప్తిస్మం తీసుకోకుండా పోయినవాళ్ళు, సారా కాస్తూ కాల్పుల్లో పోయినవాళ్ళు, ఊరూ పేరూ లేని కూలీలు, పెళ్ళికాని ఆడపిల్లల బిడ్డలు. వాళ్ళలో ఓజెల్లా కొడుకు ఉన్నాడు. 1969 ఏప్రిల్లో, ఆవిడకి పద్దెనిమిదేళ్ళప్పుడు, ఊపిరి తీసుకోకుండానే పుట్టాడు. ఎల్బర్ట్ అని పేరు పెట్టుకుంది. గేటు దగ్గర అప్పటి డీకన్, ఈ లూషస్ తండ్రి ఏమోస్ గాట్లిన్ నిలబడి, లోపల సంఘం బిడ్డలకే చోటు అన్నాడు. ఓజెల్లా మంచం మీద ఉంది. తల్లి ఎర్లీన్ బిడ్డ ఉన్న పెట్టె ఎత్తుకుని కంచె బయటికి వెళ్ళింది.

వాలు దిగువన సర్వే మనిషి ట్రక్కు ఆగి ఉంది. క్రెయిగ్ వాస్లర్ అని, ముప్ఫై ఏళ్ళుంటాయి, ఎండకి ముక్కు కమిలింది. టోపీ తీసి నమస్కారం పెట్టాడు.

"మేడమ్, సభలో మీరు..."

"సభ సంగతి తర్వాత. ముందు ఇది చెప్పు నాయనా, అడవి మొక్కలని నీకెవరు చెప్పారు?"

"పువ్వుల ఫొటో తీసి ఫోన్లో చూశానండీ. ఇలాంటివి ఈ అమెరికా దక్షిణాదిలో పాడుపడ్డ ప్రతి ఇంటి దగ్గరా ఉంటాయి, గింజ రాలి పొలాలకి పొలాలు పాకుతాయి. నేను వచ్చినప్పుడు వాలంతా పసుపుపచ్చగా ఉంది. ఒక వరసా పాడూ ఏం లేదు."

"నువ్వు పసుపు చూశావు. ఆకు చూశావా?"

"ఆకులన్నీ ఒకటేగా మేడమ్?"

ఓజెల్లా బకెట్టు కింద పెట్టింది. మెల్లగా పెట్టలేదు.

"ఒకటేనా! మీ అమ్మా, మీ పక్కింటావిడా ఒకటేనా? రా ఇక్కడికి. కూర్చో. ప్యాంటు మాసిపోదులే, కూర్చో."

వాస్లర్ కూర్చున్నాడు. ఆవిడ మోకాళ్ళ మీద వంగి, గడ్డి చేత్తో పాయలు తీసి ఒక ఆకు పట్టుకుంది. ఉల్లికాడలా సన్నగా, గుండ్రంగా, ముదురు ఆకుపచ్చగా ఉంది. దాని పక్కనే ఒక కాడకి మూడు చిన్న పసుపు పువ్వులు, వాడిపోయే దశలో కూడా ఘాటుగా వాసనేస్తున్నాయి.

"ఇది జాంక్విల్ అనే రకం. వేళ్ళ మధ్య దొర్లించి చూడు, గుండ్రంగా దొర్లుతుంది. దీనికి గింజ కడుతుంది. ఎక్కడ బడితే అక్కడ మొలుస్తుంది, దీన్ని నేను లెక్కలోకి తీసుకోమనను." ఇంకోటి పట్టుకుంది. ఇది పొట్టిగా, నీలం కలిసిన బూడిద రంగులో, కొంచెం మెలి తిరిగి ఉంది. పక్కనున్న కాడ చివర పువ్వు ఎప్పుడో రాలిపోయి ఉబ్బిన కాయ వేలాడుతోంది. "ఇది బూర పువ్వు. ఫిబ్రవరిలోనే పూసేస్తుంది. కాయ చూశావుగా, నొక్కు, లోపల గింజలు తగులుతాయి. ఇదీ తిరుగుబోతే. నువ్వు వచ్చినప్పుడు పసుపుపచ్చగా కనబడినవి ఈ రెండూ. ఇప్పుడు ఇది చూడు."

మూడో ఆకు పొడుగ్గా నిటారుగా ఉంది. బల్లపరుపుగా, వేలెడు వెడల్పుతో, చివర మొద్దుగా ఉంది. బకెట్టులోంచి తన పెరటి మొక్క తీసి పక్కన పెట్టింది. రెండూ ఒకటే.

"దీన్ని మేం అక్కచెల్లెళ్ళంటాం. కాడకి రెండేసి తెల్లపువ్వులు, మధ్యలో చిన్న పసుపు గిన్నె. అన్నీ పూసి వెళ్ళిపోయాక ఏప్రిల్ మధ్యలో పూస్తుంది. నువ్వు మార్చిలో వచ్చి చూస్తే ఏం కనబడుతుంది, గడ్డి కనబడుతుంది. దీనికి గింజ కట్టదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క గింజ చూళ్ళేదు నేను, మా అమ్మా చూళ్ళేదు. భూమిలో దుంప పక్కన దుంప పెట్టుకుని గుబురవుతుంది గానీ, నాటిన చోటు నుంచి అడుగు కదలదు. ఇది ఎక్కడ కనబడితే అక్కడ ఒక మనిషి వంగి చేత్తో పెట్టినట్టే. ఆ మాట రాసుకో."

వాస్లర్ రాసుకున్నాడు. కానీ తెలివిగలవాడే, వెంటనే అడిగాడు.

"పువ్వు లేకుండా నేనెలా నమ్మను? ఒక్కదానికీ మొగ్గే లేదు."

"అదా? అది మా డీకన్ గారి పుణ్యం!"

లూషస్ అప్పటికి వచ్చి కంచె స్తంభం పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. ఎనిమిదేళ్ళ కిందట అతను కూర్చుని నడిపే గడ్డికోత బండి కొన్నాడు. ఈస్టరుకి బయటి ఊళ్ళ నుంచి జనం వస్తారు, చర్చి చుట్టూ పొందికగా ఉండాలని, ఆకు పచ్చగా ఉండగానే వాలంతా గీకేసేవాడు. ఆకు పండి తనంతట తాను వాలిపోయేదాకా కోయకూడదు, ఆకు తిన్న ఎండే మరుసటేడు పువ్వు. కోస్తే దుంప గుడ్డిదైపోతుంది, ఇక పూయదు. ఈ మాట ఓజెల్లా ఎనిమిదేళ్ళూ చెప్పింది. ఏటా అతను తల ఊపాడు, ఏటా కోశాడు.

"చూడ్డానికి మర్యాదగా ఉండాలని కోశాను ఓజెల్లా," అన్నాడు లూషస్. "మనసులో ఏం పెట్టుకుని కాదు."

"మనసులో ఏదైనా ఉంటేగా పెట్టుకోడానికి! మర్యాదట. చచ్చినవాళ్ళ నెత్తిమీద ఉన్న ఒక్క గుర్తూ గీకేసి మర్యాద అంటాడు. పైగా సంతకం!"

"చర్చి పుస్తకంలో వాళ్ళ పేర్లు లేవు. పుస్తకంలో ఉన్నదే నేను చెప్పగలను."

"పుస్తకం రాసింది మీ నాన్న! గేటు దగ్గర అడ్డంగా నిలబడ్డదీ మీ నాన్నే. ఆయన రాయకపోతే నా కొడుకు పుట్టలేదా?"

వాస్లర్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఓజెల్లా లేచి కంచె వెంట విసవిసా నడిచి, తీగ కింద, బండి చక్రం పట్టని సందులో ఒక గుబురు దగ్గర ఆగింది. అక్కడ మాత్రం ఆకుల మధ్య పలచటి ఒర కప్పుకున్న మొగ్గ ఒకటి ఉంది. గోరుతో ఆ ఒర చీల్చి వాస్లర్ అరచేతిలో పెట్టింది. లోపల గోధుమ గింజంత లేత మొగ్గలు రెండు, పక్కపక్కన అంటుకుని ఉన్నాయి.

"ఎన్ని?"

"రెండు."

"జాంక్విల్‌కి రెండో మూడో నాలుగో ఉంటాయి, దాని ఇష్టం. కానీ దాని ఆకు గుండ్రం. బూర పువ్వుకి ఒక్కటే. బల్లపరుపు ఆకులో రెండు మొగ్గలుంటే అక్కచెల్లెళ్ళే. ఇప్పుడు టేపు తీయి."

ఆవిడ చెప్పిన ఆనవాయితీ అతనికి కొత్త. బెతూయేలులో రాయి పెట్టే స్తోమత లేనివాళ్ళు పెద్దవాళ్ళకి రెండు దుంపలు పెట్టేవారు, తల దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి. చంటిబిడ్డకి తల దగ్గర ఒక్కటే. తల పడమటికి, కాళ్ళు తూర్పుకి. ఎర్లీన్ ఈస్టరు ముందు పువ్వులు కోసి పట్నంలో అమ్మేది, జూన్లో ఆకు పండాక దుంపలు తవ్వి అడిగినవాళ్ళకి ఊరికే ఇచ్చేది. ఈ వాలులో ఉన్న దుంపల్లో సగం ఆవిడ పెరట్లోవే.

వాస్లర్ మొదటి గుబురు నుంచి తూర్పుగా టేపు లాగాడు. ఆరడుగుల దగ్గర ఇంకో గుబురు. ఆకు పట్టుకుని చూశాడు, బల్లపరుపు. జెండా పాతాడు. పక్క వరస అయిదున్నర. మూడోది ఆరడుగుల రెండంగుళాలు. దిక్సూచి తీసి పెట్టాడు, అన్నీ తూర్పు పడమరలే. నాలుగో దానితో అతను మాట్లాడ్డం మానేశాడు. గంట గడిచేసరికి అతనే గడ్డిలో పాకుతూ, ఆకు వేళ్ళమధ్య దొర్లించి, "ఇది జాంక్విల్, కాదు" అనుకుంటూ పోతున్నాడు. రెండు చోట్ల ఓజెల్లా సమాధి అనుకున్నది కాదని అతనే తేల్చాడు. ఆవిడ ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడంలోనే అతనికి ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

మధ్యాహ్నానికి నలభై ఒక్క జెండాలయ్యాయి. నలభై ఒక్క మంది. కంకర కోసం తవ్వి పారేయబోయిన నలభై ఒక్క మందిని చూసి ఓజెల్లాకి సంతోషం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే ఎల్బర్ట్ ఆకు దొరకలేదు.

గుర్తుకి ఉన్న పెద్ద చెట్టు పాత తుఫానులో కూలిపోయింది, మొద్దు కూడా లేదు. ఏటా ఏప్రిల్లో పువ్వే ఆవిణ్ణి పిలిచేది, ఆ తెల్లటి చుక్క వైపు వెళ్ళిపోయేది, అడుగులు లెక్కపెట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. బండి వచ్చిన ఏడు నుంచి పువ్వు లేదు. నాలుగేళ్ళ కిందట సన్నటి ఆకులు రెండు చూసింది. ఇప్పుడు ఆ మూల అంతా, బండి మలుపు తిరిగే చోట, నేల గట్టిగా అణిగిపోయి బోడిగా ఉంది. ఎనిమిది కోతలకి ఆ ఒక్క దుంపా చచ్చిపోయింది. చివరి జెండాకి అది పాతిక అడుగుల దూరం. గీత ఆ జెండా పక్కనే గీస్తే ఈ మూల అవతల పడుతుంది.

వాస్లర్ ట్రక్కు దగ్గరికి వెళ్ళి రొట్టె విప్పుకున్నాడు. ఓజెల్లా బకెట్టు ముందు నిలబడింది. పెరటి మొక్క అందులోనే ఉంది, ఆకు పచ్చగా, వేరుతో, మట్టితో. చిన్న గొయ్యి చాలు. మూడు నిమిషాల పని.

"పెట్టెయ్," అన్నాడు లూషస్ చిన్నగా, వెనక నుంచి. "నేను అటు తిరుగుతాను. చూళ్ళేదనుకో."

ఓజెల్లా గిరుక్కున తిరిగింది.

"ఏమన్నావు?"

"నీ కోసమే అన్నాను..."

"నీ దొంగ సంతకానికి జోడీగా నా దొంగ ఆకా? తెలిసిందంటే ఆ కుర్రాడు నలభై ఒక్క జెండాలూ పీకి పారేస్తాడు. పొద్దుటి నుంచీ ఏం చెప్పాను అతనికి? ఆకు ఉంటే మనిషి ఉన్నట్టు, ఆకు కదలదు అని చెప్పాను. నా నోటితో చెప్పిన మాట నా చేత్తో అబద్ధం చెయ్యమంటావా? వీళ్ళందర్నీ అమ్మి నా వాణ్ణొక్కణ్ణి కొనుక్కోమంటావా?" ఆవిడ బకెట్టుని కాలితో పక్కకి తోసింది. "చంపింది నువ్వు. ఆకుని చంపింది నువ్వు. ఇప్పుడు దానం చేస్తున్నాడు, అటు తిరుగుతాడట!"

వాస్లర్ అరుపులు విని వచ్చాడు. ఓజెల్లా దాచలేదు. ఆ మూల చూపించి, ఇక్కడెక్కడో తన కొడుకున్నాడని, ఆకు పోయిందని చెప్పింది. అతని మొహం ఇబ్బందిగా మారింది.

"మేడమ్, మీ మాట నేను నమ్ముతాను. కానీ ఇది కంపెనీ వకీళ్ళ ముందుకి వెళ్తుంది. ఆకు లేనిచోట జెండా పెడితే మిగతావి కూడా మీ మాట మీదే పెట్టానంటారు. పాతిపెట్టినప్పుడు కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే, చోటు చూపించి సంతకం పెడితే వేరే సంగతి. ఉన్నారా?"

"మా అమ్మ. పోయి ఇరవై రెండేళ్ళయింది."

"మీరు?"

"నేను మంచం దిగలేదు. పక్షం తర్వాత వచ్చి చూశాను, అప్పటికే ఆకు నిలదొక్కుకుంది." ఆవిడ పళ్ళు బిగించింది. "చూడనిది చూశానని చెప్పను."

వాస్లర్ తల దించుకుని సరిహద్దు తాడు చుట్ట విప్పడం మొదలుపెట్టాడు. తాడు కంచె మూలనున్న రాతి స్తంభం నుంచి లాగాలి. అతను అటు వెళ్ళేసరికి స్తంభం దగ్గర లూషస్ నిలబడి ఉన్నాడు.

స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. తర్వాత నడవడం మొదలుపెట్టాడు. ఎటూ చూడలేదు, వెతకలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. వంగని మోకాలు ఈడ్చుకుంటూ పదకొండు అడుగులు వేసి, ఎడమకి తిరిగి ఇంకో మూడు వేసి, ఆ అణిగిపోయిన నేలమీద ఆగాడు.

"ఇక్కడ," అన్నాడు.

"మీకెలా తెలుసండీ?" అన్నాడు వాస్లర్.

"గొయ్యి తవ్వింది నేను. మా నాన్న పంపాడు, పార ఇచ్చి. లోపల వద్దన్నాడు గానీ బయట తవ్వి రమ్మన్నాడు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు." అతను నేలవైపే చూస్తూ మాట్లాడుతున్నాడు. "ఎర్లీనమ్మ పెట్టె కింద పెట్టలేదు, తవ్వినంతసేపూ పట్టుకునే నిలబడింది. మోకాలి లోతులో పెద్ద రాయి తగిలితే కొంచెం దక్షిణానికి జరిపాను. తర్వాత ఆవిడ ఏప్రన్ జేబులోంచి ఆకుతో ఉన్న దుంప తీసి పెట్టింది. కావాలంటే ఊచ దింపి చూడండి, రాయి తగులుతుంది."

వాస్లర్ సన్నటి ఇనప ఊచ తెచ్చి ఉత్తరం పక్కగా దింపాడు. మోకాలి లోతులో టంగుమంది. అరడుగు దక్షిణానికి దింపితే, గట్టి పైపొర దాటాక మెత్తగా దిగిపోయింది.

ఓజెల్లా కదల్లేదు. యాభై ఏళ్ళుగా ఆ గొయ్యి తవ్విందెవరో తల్లి చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఇప్పుడు చూస్తున్నది గొయ్యిని కాదు, ఈ మనిషి నడిచిన నడకని. పదకొండు, మూడు. ఒక్క అడుగు తడబడలేదు.

"నీకు తెలుసు," అంది.

"తెలుసు."

"ప్రతి ఏప్రిల్లో ఆ బండి ఇక్కడే మలుపు తిప్పావు. అప్పుడూ తెలుసు."

"తెలుసు."

"కంపెనీ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు?"

"తెలుసు ఓజెల్లా. అది అబద్ధపు సంతకం. రాసుకో బాబూ, నేను పెట్టింది అబద్ధపు సంతకమని రాసుకో. దీనికింద మళ్ళీ పెడతాను." వాస్లర్ రాశాడు. లూషస్ సంతకం పెట్టాడు. పేరు పూర్తిగా రాశాడు. తర్వాత, కళ్ళు తుడుచుకుని, జెండా కోసం చెయ్యి చాచాడు.

"నేను పాతతాను. ఆ ఒక్కటీ నన్ను చెయ్యనీ."

ఓజెల్లా వాస్లర్ చేతిలోంచి జెండా లాక్కుంది.

"నీ చెయ్యి ఇక్కడ ఒకసారి పడింది, చాలు."

మోకాళ్ళ మీద కూర్చుని జెండా తీగ గుచ్చింది. నేల చక్రాలకింద నలిగి బండలా ఉంది, దిగలేదు, తీగ వంగిపోయింది. సాగదీసి మళ్ళీ గుచ్చింది. మూడోసారి చెప్పు విప్పి దాని మడమతో కొట్టింది. ఒక్కో దెబ్బకీ లూషస్ భుజాలు ముడుచుకున్నాయి, అది ఆవిడకి కనబడుతూనే ఉంది. జెండా నిలబడ్డాక లేచి, చెప్పు తొడుక్కుని, అతని మొహంలోకి చూసింది.

"ఈ కుర్రాడి ముందు చెప్పడం తేలిక, వీడు మన వాడు కాదు. ఆదివారం పాట అయ్యాక లేచి నిలబడతావు. మీ నాన్న ఏం చేశాడో, నువ్వేం చేశావో, ఇప్పుడు చెప్పినట్టే అందరికీ వినబడేలా చెప్తావు. పేరుతో సహా చెప్తావు, ఎల్బర్ట్ టిడ్వెల్ అని. నేను ముందు వరసలో కూర్చుంటాను. ఒక్క మాట మింగినా, అక్కడే లేచి నేను చెప్తాను."